ఆరు నెలలకోసారి వచ్చిపోతే గ్రీన్ కార్డు నిలుస్తుందా? మిర్యాలగూడ అమ్మానాన్నల సంగతి

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను, సిటిజన్‌ని. రెండేళ్ళ కిందట మా అమ్మానాన్నలకు గ్రీన్ కార్డులు వచ్చాయి. నాన్నకు మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద పొలం ఉంది, అది వదిలి ఇక్కడ ఉండలేనంటారు. ఆరు నెలలకోసారి వచ్చి కొన్నాళ్ళు ఉండి పోతే చాలని తెలిసినవాళ్ళు చెప్తున్నారు. నిజమేనా? పైగా ఈసారి అమ్మకు మోకాలి ఆపరేషన్ అయి ఇద్దరూ అక్కడే ఆగిపోయారు, పది నెలలు దాటింది. ఇప్పుడేం చేయాలి?

జవాబు:

ముందు తొందర పని చెప్తానమ్మా, మిగతాది తీరిగ్గా చదువుకో. ఏడాది నిండకముందే ఇద్దరూ అమెరికాలో దిగాలి. లెక్క వాళ్ళు అమెరికా వదిలిన రోజు నుంచి. ఏడాది దాటిందంటే కార్డు చేతిలో ఉన్నా, దాని మీద గడువు ఇంకా ఎనిమిదేళ్ళు కనిపిస్తున్నా, ప్రయాణానికి అది చెల్లదు. శంషాబాద్ కౌంటర్లోనే ఎయిర్‌లైన్స్ వాళ్ళు ఆపేయొచ్చు. ఆ తర్వాత మిగిలే దారి ఎస్‌బీ-1 అనే వీసా. దానికి కాన్సులేట్‌లో డీఎస్-117 ఫారం పెట్టి, తిరిగి రావాలనే వెళ్ళామని, మా చేతిలో లేని కారణంతో ఆగిపోయామని రుజువు చేసుకోవాలి. ఆపరేషన్ ఇండియాలోనే ఎందుకు చేయించుకున్నారు, అయ్యాక ఎన్నాళ్ళకు నడిచారు, ఆపరేషన్ అమ్మకైతే నాన్న ఎందుకు ఆగారు, ఇవన్నీ తవ్వుతారు. ఆ దారిలో బయటపడ్డవాళ్ళను నేనైతే పెద్దగా చూడలేదు. కాబట్టి డాక్టరు సరేనంటే వెంటనే టికెట్ తీసెయ్. పొలం పని ఎవరికైనా అప్పజెప్పి రమ్మను, కోతలు ఆయన లేకపోయినా అవుతాయి.

నేనెవరో చెప్పలేదు కదా. నల్గొండలోనే ఉంటాను, బ్యాంకులో చేసి రిటైరయ్యాను. గ్రీన్ కార్డు మీద పిల్లల దగ్గరికి కొన్నేళ్ళు తిరిగి, చివరికి నా కార్డు నేనే వాపసిచ్చి ఇప్పుడు విజిటర్ వీసా మీద పోయొస్తున్నాను. మా కాలనీలో ఇంటికొక పిల్లో పిల్లడో అమెరికాలో ఉన్నారు కాబట్టి ఆ కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్ళకు తక్కువ లేదు. వకీలును మాత్రం కాదు. పది నెలలు దాటిన కేసు కాబట్టి బయల్దేరేముందు ఒక ఇమ్మిగ్రేషన్ అటార్నీతో గంట మాట్లాడుకోండి, ఆ ఫీజు దండగ కాదు.

వచ్చేటప్పుడు చేతి సంచిలో ఉండాల్సినవి: హాస్పిటల్ డిశ్చార్జి సమ్మరీ, ఫలానా తేదీ దాకా దూరప్రయాణం వద్దని డాక్టరు రాసిన ఉత్తరం, ఫిజియోథెరపీ బిల్లులు, మొదట తీసుకున్న రిటర్న్ టికెట్ (తేదీ మార్చుకున్నట్టు కనిపిస్తే ఇంకా మంచిది), మీ ఇంటి అడ్రసు మీద వాళ్ళ పేరుతో ఉన్న కాగితాలు, వాళ్ళు దాఖలు చేసిన అమెరికా టాక్స్ రిటర్న్ కాపీ. ఇవన్నీ చెక్ ఇన్ సామానులో వేసి చేతులూపుకుంటూ కౌంటర్ దగ్గర నిలబడేవాళ్ళున్నారు, అందుకే చెప్తున్నా. అబుదాబి మీదుగా ఎతిహాద్‌లో వస్తే అమెరికా ఇమ్మిగ్రేషన్ వాళ్ళ ప్రశ్నలు అబుదాబిలోనే అయిపోతాయి, నువ్వు డాలస్ ఎయిర్‌పోర్టు బయట నిలబడి ఏమీ చేయలేవు. ఈసారికి నేరుగా అమెరికా గడ్డ మీద దిగాకే ప్రశ్నలుండే దారి చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇక అసలు చోట, అంటే అమెరికా ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర, వచ్చే తిప్పలు. మన పెద్దవాళ్ళు వీల్‌చైర్ పెట్టించుకుంటారు, తోసుకొచ్చే అబ్బాయి హిందీలోనో వచ్చీరాని ఇంగ్లిష్‌లోనో వీళ్ళ తరఫున మాట్లాడేస్తాడు. ఎందుకొచ్చారని ఆఫీసరు అడిగితే అమ్మ అలవాటుగా 'బిడ్డను, మనవడిని చూసిపోదామని వచ్చినం' అంటుంది. ఆమె ఉద్దేశంలో తప్పేమీ లేదు, కానీ ఆఫీసరుకు వినబడేది, ఈమె ఇల్లు వేరే దేశంలో ఉంది, ఇక్కడికి చుట్టపుచూపుగా వచ్చింది అని. ఎన్నాళ్ళుంటారంటే 'నాట్ల లోపల పోవాలె' అని నాన్న పూర్తి చేస్తారు. అయిపోయింది. అబద్ధం నేర్పమని చెప్పడం లేదు, ఎయిర్‌పోర్టులో అబద్ధం ఆడితే అది వేరే నేరం. చెప్పొచ్చేదేమంటే ముందు వాళ్ళు నిజంగా ఎక్కడ ఉండదలుచుకున్నారో ఇంట్లో కూర్చుని తేల్చుకోండి, తేలిందే అక్కడ చెప్పమనండి. తెలుగు దుబాసీ కావాలని అడిగే వీలుంది, ఫోన్ మీద పిలిపిస్తారు. అది అడగమని ఒక చీటీ మీద ఇంగ్లిష్‌లో రాసి అమ్మ పాస్‌పోర్టులో పెట్టించు.

ఆఫీసరుకు అనుమానం తగిలితే లోపలి గదిలోకి తీసుకెళ్తారు. అక్కడ ఐ-407 అనే కాగితం ముందు పెట్టొచ్చు. ఇష్టపూర్వకంగా గ్రీన్ కార్డు వదిలేస్తున్నామని సంతకం చేసే కాగితం అది. 2025 మార్చిలో మన దేశపు పెద్దవయసు వాళ్ళను ఎయిర్‌పోర్టుల్లో ఆపి దాని మీద సంతకం పెట్టమన్నారని వార్తలు వచ్చాయి, చదివే ఉంటావు. అది ఇష్టపూర్వకమైన కాగితం, బలవంతం చేసే అధికారం ఆఫీసరుకు లేదు. సంతకం పెట్టకపోతే ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు హాజరవమని నోటీసు ఇస్తారు, అక్కడ వీళ్ళు కార్డు వదిలేసుకున్నారని రుజువు చేయాల్సిన భారం ప్రభుత్వానిదే. జడ్జి తీర్పు వచ్చేదాకా వీళ్ళు గ్రీన్ కార్డు వాళ్ళే. రాత్రంతా విమానంలో కూర్చుని, మోకాలు వాచి, బీపీ గోళీ టైమ్ దాటిపోయిన మనిషి ముందు ఆ కాగితం పెడితే ఎక్కడ చెప్తే అక్కడ సంతకం పెడుతుంది. ముందే పదిసార్లు చెప్పి ఉంచు: అర్థం కాని దాని మీద సంతకం వద్దు, జడ్జి దగ్గరికి పోతాం అనమను.

ఇప్పుడు ఆ ఆరు నెలల మాట. ఇది సగం నిజం, అందుకే ఇంతమందిని ముంచింది. చట్టంలో 180 రోజుల లెక్క ఉంది. ఎడతెగకుండా 180 రోజులు దాటి బయట ఉంటే, తిరిగొచ్చినప్పుడు కొత్తగా దేశంలోకి అడుగుతున్న మనిషిలా చూసి అన్నీ తిరగదోడే వీలు ఆఫీసరుకు వస్తుంది. ఆ లోపల వస్తే మామూలుగా పెద్దగా అడగరు. ఇక్కడిదాకా నిజం. కానీ అయిదున్నర నెలలు మిర్యాలగూడలో, మూడు వారాలు డాలస్‌లో, మళ్ళీ అయిదున్నర నెలలు మిర్యాలగూడలో, ఇలా తిరిగితే ఏ ప్రయాణమూ 180 దాటకపోయినా కార్డు పోవచ్చు. ఎందుకంటే వాళ్ళు చూసేది రోజులు ఒక్కటే కాదు, కాపురం ఎక్కడుందో చూస్తారు. బయటికి వెళ్ళినప్పుడు పని ఏమిటి, అది ఎప్పటికి అయిపోయేది, అయిపోగానే తిరిగొచ్చారా, ఇల్లు, బ్యాంకు, పన్ను, డాక్టరు, మనుషులు ఎక్కడున్నారు. పంట పని ఎప్పటికి అయిపోతుందని చెప్తాం? వానాకాలం వడ్లు ఐకేపీ కొనుగోలు కేంద్రంలో అమ్మి డబ్బులు పడేలోపు యాసంగి నారు పోసుకునే వేళవుతుంది. కాలువకు నీళ్ళు వదిలినన్నాళ్ళు రైతుకు సెలవు ఉండదు, అది నాన్నకు గొప్ప, ఇమ్మిగ్రేషన్ ఆఫీసరుకు మాత్రం ఈ మనిషి వృత్తి ఇండియాలో ఉందనడానికి సాక్ష్యం.

అందుకని నాన్న నిజంగా అమెరికాలోనే ఉండదలిస్తే పొలం కౌలుకు ఇచ్చేయాలి. మన దగ్గర కౌలు నోటిమాట మీద నడుస్తుంది, ఎకరానికి ఇన్ని బస్తాలని చెట్టు కింద మాట్లాడుకుంటే అయిపోయింది. మీరు మాత్రం కాగితం రాయించండి, ఎన్నేళ్ళకు, ఎంతకు, ఎవరికి అని. అది ఆయనకు ఇక్కడ రోజూ చూడాల్సిన పని లేదని చూపించేందుకు పనికొస్తుంది. (కౌలు కాగితం ఇస్తే పొలం పోతుందని భయపడే పెద్దమనుషులు మన దగ్గర బోలెడుమంది. పట్టా పుస్తకం నాన్న పేరు మీదే ఉంటుంది, షరతులు చూసి రాయించుకుంటే టెన్షన్ పడాల్సింది లేదు.) అమెరికా వైపు స్టేట్ ఐడీ (మీ రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు) చేయించు, బ్యాంకులో నీతో కలిపి కాకుండా వాళ్ళ సొంత ఖాతా తెరిపించు, అక్కడి డాక్టరు దగ్గర చూపించుకున్న రికార్డు, ఇన్సూరెన్సు ఉండేట్టు చూడు. టికెట్లు కూడా హైదరాబాద్–డాలస్–హైదరాబాద్ అని కాకుండా డాలస్–హైదరాబాద్–డాలస్ అని తీయించు. చిన్న విషయమే కానీ ఆఫీసర్లు అడుగుతారు. అడ్రసు మారితే పది రోజుల్లో ఏఆర్-11 ఫారం ద్వారా ఇమ్మిగ్రేషన్ శాఖకు తెలపాలి, నువ్వు ఇల్లు మారినా వాళ్ళ తరఫున వేరే పెట్టాలి.

స్టేట్ ఐడీ దగ్గర ఒక మాట. ఆ కౌంటర్లోనే ఓటరుగా నమోదు చేయమంటావా అని ఫారంలో ఒక గడి ఉంటుంది. తెలియక టిక్కు పెట్టారంటే సిటిజన్‌నని తప్పు చెప్పినట్టు లెక్క, ఆ తప్పుకు చాలా కేసుల్లో మాఫీ లేదు. ఫారం నువ్వు పక్కన ఉండి నింపించు.

రీ-ఎంట్రీ పర్మిట్, అంటే ఎక్కువకాలం బయట ఉండి తిరిగొచ్చేందుకు ముందే తీసుకునే అనుమతి, దాని గురించి నువ్వు అడగలేదు కానీ మీ ఇంటికి కావాల్సింది అదే అనిపిస్తోంది, కనీసం ఒక రెండేళ్ళకు. ఐ-131 ఫారం. అమెరికాలో ఉండగానే పెట్టాలి, ఇక్కడి నుంచి పెట్టే వీలు లేదు. పెట్టాక వేలిముద్రలకు పిలుస్తారు, అవి కూడా అక్కడే ఇవ్వాలి. అవి అయ్యాక ఇండియాకు పోవచ్చు, పర్మిట్ పుస్తకం నీ అడ్రసుకు తెప్పించుకోవచ్చు, లేదా హైదరాబాద్ కాన్సులేట్‌లో తీసుకుంటామని ఫారంలోనే రాయొచ్చు. రెండేళ్ళకు చెల్లుతుంది. అది ఉంటే ఏడాది దాటి బయట ఉన్నా ఎస్‌బీ-1 అవసరం లేదు, ఎక్కువ రోజులు బయట ఉన్నారన్న ఒక్క కారణంతో కార్డు వదిలేశారని అనలేరు. పొడిగించడం ఉండదు, మళ్ళీ వచ్చి మళ్ళీ పెట్టుకోవాలి. కార్డు వచ్చాక గడిచిన అయిదేళ్ళలో నాలుగేళ్ళకు మించి బయటే ఉంటే తర్వాతి పర్మిట్ మామూలుగా ఏడాదికే ఇస్తారు. దీని మీదే జీవితాంతం బండి నడిపించొచ్చు అనుకునేవాళ్ళకు అక్కడ అర్థమవుతుంది. అమ్మ మోకాలు కుదుటపడటానికి, పొలం ఒక దారిన పెట్టడానికి, పాత ఇల్లు అమ్మాలా ఉంచాలా అని తేల్చుకోవడానికి రెండేళ్ళు దొరికితే చాలు కదా, దానికోసమే ఈ పర్మిట్ అనుకో. కాబట్టి ఈసారి వాళ్ళు దిగగానే చేయాల్సిన మొదటి పని ఇది. వేలిముద్రల పిలుపు వచ్చేదాకా తిరుగు టికెట్ గురించి నాన్న గొణుగుతారు, గొణగనీ.

పన్ను సంగతికి వద్దాం. బ్యాంకులో పనిచేసినవాణ్ణి కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువే మాట్లాడతాను. గ్రీన్ కార్డు ఉన్నంతకాలం మనిషి మిర్యాలగూడలో ఉన్నా అమెరికా పన్ను లెక్కలో అక్కడి రెసిడెంటే, ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా చూపాలి. మన ఇన్‌కమ్ టాక్స్‌లో వ్యవసాయ ఆదాయానికి మినహాయింపు ఉంది, పుట్టి బుద్ధెరిగాక వడ్ల డబ్బుకు పన్ను కట్టిన రైతు లేడు. అమెరికాకు ఆ మినహాయింపుతో సంబంధం లేదు. కౌలు డబ్బు, బత్తాయి తోట గుత్తకిచ్చిన డబ్బు, ఇంటద్దె, ఎఫ్‌డీ వడ్డీ అన్నీ అమెరికా పన్ను రిటర్న్ అయిన 1040 ఫారంలో చూపాలి. భయపడకండి, అరవై అయిదు దాటిన భార్యాభర్తలు కలిపి వేస్తే 2025 సంవత్సరానికి స్టాండర్డ్ డిడక్షనే 34,700 డాలర్లు, మామూలు రైతుకు వచ్చే కౌలు, వడ్డీ లాంటి ఆదాయం చాలావరకు అందులోనే కొట్టుకుపోతుంది. పన్ను సున్నా అయినా రిటర్న్ వేయించు. మేము అమెరికాలోనే ఉన్నామని చెప్పుకోవడానికి దాన్ని మించిన కాగితం లేదు. నాన్‌రెసిడెంట్ అని 1040-ఎన్‌ఆర్ వేస్తే మాత్రం కార్డు వదిలేశామని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు.

ఇంకోటి ఎఫ్‌బార్. అమెరికా బయట ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ ఖాతాల వివరాలతో ఆన్‌లైన్‌లో ఫిన్‌సెన్ 114 అనే ఫారం వేయాలి, ఎఫ్‌బార్ అంటే అదే. మన లెక్కలో అది తొమ్మిది లక్షల చిల్లర, రిటైరైన టీచరు ఎఫ్‌డీ ఒక్కటి చాలు. సేవింగ్స్, ఎఫ్‌డీ, పోస్టాఫీసు డిపాజిట్లు, సరెండర్ విలువ ఉన్న ఎల్‌ఐసీ పాలసీ, పెద్దకొడుకుతో జాయింటుగా ఉన్నవి కూడా లెక్కే. పొలం అమ్మిన డబ్బు వారం రోజులు ఖాతాలో నిలిచి వేరే చోటికి పోయినా లెక్కే. పొలం, ఇల్లు మాత్రం ఇందులోకి రావు, అవి ఖాతాలు కావు. గడువు ఏప్రిల్ 15, అడగకుండానే అక్టోబర్ 15 దాకా పొడిగింపు ఉంటుంది. వేసినందుకు పన్నేమీ పడదు, వేయకపోతే పెనాల్టీ మాత్రం డాలర్లలో వేలల్లో ఉంటుంది. ఇప్పటిదాకా వేయలేదంటే తెలియక వదిలేసినవాళ్ళ కోసం స్ట్రీమ్‌లైన్డ్ అనే పద్ధతి ఉంది, నోటీసు రాకముందే ఇండియా ఆదాయాలు తెలిసిన సీపీఏను (మన సీఏ లాంటి అమెరికా అకౌంటెంటును) పట్టుకో.

ఇక్కడి బ్యాంకులో కూడా పని ఉంది. వాళ్ళు అమెరికాలో స్థిరపడ్డట్టయితే ఫెమా (మన విదేశీ మారకద్రవ్య చట్టం) లెక్కలో ఎన్నారైలు, సేవింగ్స్ ఖాతాలను ఎన్‌ఆర్‌ఓగా, అంటే ఎన్నారైల రూపాయి ఖాతాగా మార్పించుకోవాలి. కొత్తగా వ్యవసాయ భూమి కొనకూడదు. ఉన్నది ఉంచుకోవచ్చు, వారసత్వంగా వచ్చేది తీసుకోవచ్చు. పక్క ఎకరం బేరానికి వచ్చింది, అమెరికా డబ్బు పంపు అని నాన్న ఫోన్ చేస్తే అప్పుడు ఈ మాట గుర్తుంచుకో.

సిటిజన్‌షిప్ దాకా వెళ్దామనుకుంటే లెక్క ఇంకా బిగుసుకుంటుంది. కార్డు వచ్చాక అయిదేళ్ళు, అందులో కనీసం 30 నెలలు అమెరికాలో మనిషి ఉండాలి, ఆరు నెలలు దాటిన ఒక్క ప్రయాణం ఉన్నా కాపురం తెగలేదని మీరే రుజువు చేసుకోవాలి, ఏడాది దాటితే తెగినట్టే. రీ-ఎంట్రీ పర్మిట్ కార్డును కాపాడుతుందే కానీ ఈ లెక్కను కాపాడదు, దీని మీద చాలామందికి భ్రమ ఉంది. ఈ పది నెలల ప్రయాణం మీకు అక్కడ అడ్డొస్తుంది. పైగా ఇంగ్లిష్. యాభై అయిదు దాటి, గ్రీన్ కార్డు మీద పదిహేనేళ్ళు, లేదా యాభై దాటి ఇరవై ఏళ్ళు ఉంటేనే మామూలుగా ఇంగ్లిష్ పరీక్ష లేకుండా తెలుగులో జవాబులు చెప్పే వీలు. మీ నాన్నకు అప్పటికి ఎంత వయసొస్తుందో లెక్కేసుకో. సిటిజన్‌షిప్ వచ్చాక ఇండియా పౌరసత్వం పోతుంది, ఇండియాకు వచ్చిపోవడానికి ఓసీఐ కార్డు తీసుకోవాలి, ఊళ్ళో ఓటు ఉండదు. సర్పంచ్ ఎన్నికలప్పుడు ఊళ్ళో లేకుండా మీ నాన్న ఉండగలరా అన్నది నన్ను కాదు, ఆయన్నే అడుగు.

నా సలహా సూటిగా చెప్పమంటే: నాన్న మనసు పొలం మీద ఉందని నీ ప్రశ్నలోనే కనిపిస్తోంది. అలాంటి మనిషికి గ్రీన్ కార్డు అక్కర్లేదు, విజిటర్ వీసా చాలు. బీ-2 అనే ఆ వీసా మామూలుగా పదేళ్ళకు ఇస్తారు, వచ్చిన ప్రతిసారీ సాధారణంగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు. మనవలతో ఒక వేసవి, ఒక దసరా గడిచిపోతాయి, వడ్ల డబ్బుకు మామూలుగా అమెరికా పన్ను లెక్క ఉండదు, ఎఫ్‌బార్ ఉండదు, ఎయిర్‌పోర్టులో కాపురం ఎక్కడ అని అడిగేవాడు ఉండడు. నష్టమేంటంటే అక్కడి వైద్యం. విజిటర్ ఇన్సూరెన్సు పాత జబ్బులకు పెద్దగా పనికిరాదు. గ్రీన్ కార్డు మీద అయిదేళ్ళు వరసగా అక్కడే ఉంటే అరవై అయిదు దాటినవాళ్ళు డబ్బు కట్టి మెడికేర్‌లో (పెద్దవాళ్ళకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) చేరొచ్చు, అది పెద్ద లాభమే. అమ్మానాన్నల్లో ఎవరికైనా గుండెదో కిడ్నీదో పెద్ద జబ్బు ఉండి నీ దగ్గరే ఉండక తప్పదంటే కార్డు నిలబెట్టుకోవడం మీదే దృష్టి పెట్టు. ఇద్దరూ ఒకటే తీరుగా చేయాలని కూడా లేదు. అమ్మ కార్డు ఉంచుకుని నీ దగ్గర ఉండొచ్చు, నాన్న విజిటర్‌గా రాకపోకలు సాగించొచ్చు. మా కాలనీలోనే అలాంటి జంట ఉంది, అలవాటైపోయింది వాళ్ళకు.

వదిలేస్తే మళ్ళీ రాదని బెంగ అక్కర్లేదు. నువ్వు సిటిజన్‌వి, ఇరవై ఒకటి దాటినదానివి, తల్లిదండ్రులకు ఏడాదికి ఇన్నే అన్న పరిమితి లేదు. పదేళ్ళ తర్వాత ఒకరే మిగిలి నీ దగ్గరికి వచ్చేయాల్సి వస్తే మళ్ళీ ఐ-130 పిటిషన్ వేసి, మళ్ళీ ముంబైలో ఇంటర్వ్యూకు పోయి తెచ్చుకోవచ్చు. కార్డు పోతే పరువు పోయినట్టు మాట్లాడే చుట్టాలు అమెరికాలో ఉంటారు, వాళ్ళ ఎఫ్‌బార్ ఎవరు వేస్తున్నారో అడిగి చూడు.

వదిలేసే ఉద్దేశం ఉంటే ఎనిమిదేళ్ళ లెక్క చూసుకోండి. గత పదిహేను పన్ను సంవత్సరాల్లో ఎనిమిదింటిలో కార్డు ఉన్నవాళ్ళు వదిలేస్తే 8854 ఫారం వేయాలి, ఆస్తి రెండు మిలియన్ డాలర్లు దాటినా, గత అయిదేళ్ళ పన్ను సరిగా లేకపోయినా, ఆస్తులు అమ్మేసినట్టు లెక్కగట్టి పన్ను వేసే వీలుంది. మీ కాలువ కింది పొలానికి ఆ భయం లేకపోవచ్చు. షాద్‌నగర్, చౌటుప్పల్ వైపు హైవే పక్కన తాతలనాటి భూమి ఉన్నవాళ్ళకు మాత్రం ఇది కలలోకి రావాల్సిన విషయం. మీకు ఇంకా రెండేళ్ళే కాబట్టి తొందరగా తేల్చుకుంటే ఆ గోల లేదు.

వదిలే పద్ధతి సులువు. ఐ-407 నింపి, సంతకం చేసి, కార్డుతో సహా ఫారం సూచనల్లో ఉన్న అడ్రసుకు పోస్టులో పంపాలి. ఎయిర్‌పోర్టులో భయపడి పెట్టే సంతకం వేరు, ఇంట్లో కూర్చుని కళ్ళజోడు పెట్టుకుని చదివి పెట్టే సంతకం వేరు. పంపేముందు కార్డు రెండువైపులా, ఫారం అన్ని పేజీలూ కాపీ తీసి ఉంచుకోండి. తర్వాత విజిటర్ వీసాకు నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు పోయినప్పుడు ఆ కాపీ చూపాలి. 2025 సెప్టెంబర్ నుంచి వయసు పైబడ్డవాళ్ళకు కూడా ఇంటర్వ్యూ మినహాయింపు దాదాపు తీసేశారు కాబట్టి ఇద్దరూ వెళ్ళాల్సిందే. విజిటర్ వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారంలో మీకోసం ఎవరైనా ఇమ్మిగ్రెంట్ పిటిషన్ వేశారా, ఎప్పుడైనా గ్రీన్ కార్డు ఉందా అని అడుగుతారు, రెండింటికీ అవునని రాసి, పొలం చూసుకోవడానికి వదిలేశామని ఉన్నదున్నట్టు రాయండి. ఏజెంటుకు డబ్బులిచ్చి నింపిస్తే ఆ రెండు గడుల్లో కాదని కొట్టేసి ఉంటాడు, సబ్మిట్ చేసేముందు ఒకసారి నువ్వే తెరిచి చూడు.